చైనా వైద్యం పనిచేస్తుందా? ఆ ప్రశ్నను ముందు ముక్కలు చెయ్యాలి

నాంపల్లి నుమాయిష్‌కి వెళ్తే ఆక్యుప్రెషర్ చెప్పులు, అరచేతిలో నలుపుకునే ముళ్ల బంతులు అమ్మే స్టాల్ ఒకటైనా కనిపిస్తుంది. నడుంనొప్పికి, మోకాళ్లకి, మైగ్రేన్‌కి సూదులు పెట్టే క్లినిక్కులు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, విజయవాడలోనూ ఉన్నాయి. ఫలానా పాయింట్ నొక్కితే షుగర్ దిగుతుందని చెప్పే వీడియోలకైతే లెక్కేలేదు. వీటి కింద కామెంట్లలో జరిగే గొడవ ఎప్పుడూ ఒకటే. ఒక పక్షం వేల ఏళ్ల అనుభవం అంటుంది, నోబెల్ కూడా వచ్చిందంటుంది. ఇంకో పక్షం అంతా బోగస్, అలుగు (పాంగోలిన్) అనే జంతువు పొలుసులు అరగదీసి తాగేవాళ్ల వైద్యం అంటుంది. రెండు పక్షాలు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది, కాకపోతే అవి వేర్వేరు విషయాల గురించిన నిజాలు.

క్లుప్తంగా: చైనా వైద్యం అనే ఒక్క పేరు కింద నాలుగు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. శరీరాన్ని వివరించే పాత సిద్ధాంతం, వేల మూలికల మందుల పెట్టె, సూదుల లాంటి చేతి చికిత్సలు, వీటన్నిటినీ ఒకే వ్యవస్థగా కూర్చిన 20వ శతాబ్దపు ప్రభుత్వ విధానం. సిద్ధాంతానికి ప్రయోగాల్లో ఆధారం దొరకలేదు. మందుల పెట్టెలో లక్షల ప్రాణాలు కాపాడినదీ ఉంది, కిడ్నీలు పాడుచేసినదీ ఉంది. సూదులతో కొన్ని నొప్పులు తగ్గుతున్నాయి, కానీ సూది ఎక్కడ గుచ్చారన్నదాన్ని బట్టి పెద్ద తేడా కనిపించడం లేదు. ఒకదానికి దొరికిన రుజువును ఇంకోదానికి అంటగట్టడం వల్లే ఈ అయోమయమంతా.

## శరీరాన్ని ఎలా చూస్తారు

ఈ వైద్యానికి మూలగ్రంథం హువాంగ్‌దీ నెయ్‌జింగ్, సుమారు రెండు వేల ఏళ్ల కిందట హాన్ రాజుల కాలంలో కూర్చింది. దాని లెక్క ప్రకారం శరీరంలో 'చి' అనే ప్రాణశక్తి 12 ప్రధాన మార్గాల్లో తిరుగుతూ ఉంటుంది. అది సాఫీగా తిరిగితే ఆరోగ్యం, ఎక్కడైనా ఆగినా తగ్గినా జబ్బు. ఆ మార్గాల మీద, ఒంటి మధ్యగా నడిచే మరో రెండింటి మీద కలిపి ఇప్పుడు పాఠ్యపుస్తకాలు చెప్పే బిందువులు 361. చల్లదనం, నీడ, నెమ్మది యిన్ లక్షణాలు. వేడి, వెలుగు, కదలిక యాంగ్ లక్షణాలు. ఈ రెండూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటూ ఉండాలి.

ఆ పైన ఐదు దశలు: కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీరు. మనవాళ్లు వీటిని వెంటనే పంచభూతాలతో పోలుస్తారు కానీ రెండిటి పని వేరు. పంచభూతాలు ఒక వస్తువు దేంతో తయారైందో చెబుతాయి. చైనావాళ్ల ఐదూ ఏది దేన్ని పుట్టిస్తుంది, ఏది దేన్ని అణుస్తుంది అనే వరస చెబుతాయి. కర్ర నిప్పును పుట్టిస్తుంది, నిప్పు బూడిదై మట్టిలో కలుస్తుంది, మట్టిలోంచి లోహం వస్తుంది. అటువైపు నీరు నిప్పును ఆర్పుతుంది, లోహం కర్రను నరుకుతుంది. ఈ వరసలోనే అవయవాలనూ పెట్టారు: కాలేయం కర్ర, గుండె నిప్పు, ప్లీహం మట్టి, ఊపిరితిత్తులు లోహం, కిడ్నీలు నీరు.

ఇక్కడ పేషెంట్లు బాగా పొరపడే చోటొకటి ఉంది. చైనా వైద్యుడు "మీ కిడ్నీ బలహీనంగా ఉంది" అంటే రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పెరిగిందని అర్థం కాదు. వాళ్ల లెక్కలో కిడ్నీ అంటే ఎముకలు, జుట్టు, వినికిడి, సంతాన శక్తి, భయం అన్నీ కలిసిన ఒక పనుల మూట. అది విని కంగారుపడి స్కానింగులకు పరిగెత్తడం ఎంత అనవసరమో, నిజంగా కిడ్నీ జబ్బున్నవాళ్లు ఈ 'కిడ్నీ బలం' మందులు వాడటం అంత ప్రమాదం.

జబ్బును పట్టుకునే పద్ధతి మన నాడి చూసే వైద్యులకు దగ్గరగా ఉంటుంది. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి చూస్తారు, సంప్రదాయం 28 రకాల నాడులను చెబుతుంది. నాలుక రంగు, దాని మీది పూత చూస్తారు. నిద్ర, చెమట, దాహం, విరేచనం గురించి తీరిగ్గా అడుగుతారు. ఆ తర్వాత జబ్బు పేరు కాకుండా ఒక 'తీరు' నిర్ణయిస్తారు. ఇద్దరికీ జలుబే కావచ్చు. కానీ చలి ఎక్కువగా ఉండి, చెమట పట్టక, ఒళ్లునొప్పులుంటే ఒక తీరు. గొంతునొప్పి, దాహం, జ్వరం ఎక్కువైతే ఇంకో తీరు, కషాయం కూడా వేరు.

మొదటి తీరుకి ఇచ్చే మా హువాంగ్ కషాయాన్ని కొంచెం దగ్గరగా చూస్తే ఈ వైద్యం బలం, బలహీనత రెండూ ఒకే గిన్నెలో కనిపిస్తాయి. క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన యోగం, అంటే మూలికల కలయిక, ఇది. ఇందులో నాలుగే దినుసులు: మా హువాంగ్ అనే ఎఫెడ్రా మొక్క కాడలు, దాల్చిన జాతి చెట్టు లేత కొమ్మలు, ఆప్రికాట్ గింజల పప్పు, అతిమధురం. ప్రతి యోగంలోనూ ఒక రాజు, ఒక మంత్రి, ఒక సహాయకుడు, ఒక దూత ఉండాలన్నది నియమం. ఇక్కడ ఎఫెడ్రా రాజు, దాల్చిన కొమ్మ మంత్రి, ఆప్రికాట్ పప్పు సహాయకుడు, అందరినీ కలిపే అతిమధురం దూత. 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ నాగయోషి ఆ రాజులోంచి ఎఫెడ్రిన్‌ని విడదీశాడు. శ్వాసనాళాలను తెరిచి, ముక్కు దిబ్బడ తగ్గించి, గుండె వేగాన్ని, బీపీని పెంచేది అదే. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి వైద్యుడు దీన్ని సరైన పేషెంట్‌కే ఇచ్చాడు, ఎందుకు పనిచేస్తోందో చెప్పిన కారణం మాత్రం వేరు. అదే ఎఫెడ్రాను అమెరికాలో బరువు తగ్గించే గోళీలుగా, ఒంట్లో సత్తువ కోసమని అమ్మితే గుండెపోట్లు, పక్షవాతాలు బయటపడి 2004లో అలాంటి ఉత్పత్తులను నిషేధించాల్సి వచ్చింది.

దీన్నిబట్టి చూస్తే సిద్ధాంతం శరీరానికి పటంగా పనికిరాలేదు కానీ, ఏ లక్షణాలకి ఏ మూలిక అనేది తరాల తరబడి గుర్తుంచుకోవడానికి సూచికగా బాగానే పనికొచ్చింది. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. ఒకే రోగిని వేర్వేరు చైనా వైద్యులకు చూపించి పోల్చిన అధ్యయనాల్లో చాలాసార్లు వాళ్లు తేల్చిన తీరులు ఒకదానితో ఒకటి కలవలేదు.

## వేల ఏళ్ల నుంచి ఇలాగే ఉందా

లేదు. ఇది చాలామందికి కొత్తగా అనిపించే సంగతి. 1822లో చైనా చక్రవర్తే రాజవైద్య సంస్థలో సూది చికిత్సను ఆపేయించాడు. 1929లో జాతీయవాద ప్రభుత్వం ముందుకు చైనా వైద్యాన్ని మొత్తంగా రద్దు చెయ్యాలన్న తీర్మానం వచ్చింది. దాన్ని తెచ్చిన వాళ్లు విదేశీయులు కాదు, జపాన్‌లో ఆధునిక వైద్యం చదువుకొచ్చిన చైనా డాక్టర్లే. సంప్రదాయ వైద్యులు షాంఘైలో ఒక్కటై నిరసనకు దిగాక అది మూలన పడింది.

కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చేసరికి దేశంలో ఆధునిక డాక్టర్లు చాలా తక్కువ, సంప్రదాయ వైద్యులు లక్షల్లో ఉన్నారు. కోట్ల జనానికి వైద్యం అందాలంటే ఉన్నవాళ్లతోనే సర్దుకోవాలి. అదే సమయంలో అది జాతి గౌరవంతో ముడిపడిన వ్యవహారం కూడా. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ నగరాల్లో నాలుగు కాలేజీలు పెట్టారు. 1958లో మావో ఈ వైద్యాన్ని గొప్ప నిధి అన్నాడు. కాలేజీ అన్నాక సిలబస్ కావాలి, సిలబస్‌కి పుస్తకం కావాలి, పుస్తకంలో ఒకదానికొకటి పొసగని పది సంప్రదాయాలు ఉండటానికి వీల్లేదు. కమిటీలు కూర్చుని ఏరాయి, కలిపాయి, మంత్రతంత్రాలను పక్కనపెట్టాయి. ఇప్పుడు ప్రపంచమంతా చూస్తున్న నున్నటి, ఏకరూపమైన చైనా వైద్యం చాలావరకు ఆ కమిటీల చేతుల్లో తయారైంది. దినుసులు పాతవే, వంట మాత్రం 1950లది.

1960ల చివర్లో పల్లెలకు పంపిన 'చెప్పుల్లేని డాక్టర్ల' సంచుల్లో సూదులూ మూలికలూ ఉన్నాయి, వాటి పక్కనే టీకాలూ యాంటీబయాటిక్కులూ ఉన్నాయి. పల్లెల్లో ఆరోగ్యం మెరుగుపడిందంటే ఆ ఘనత ఏ సీసాది ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. ఆ మెరుగుదల అంతా సూదులదే అని చెప్పడం మాత్రం తప్పు.

## ఒక అపెండిక్స్ ఆపరేషన్, దాన్నుంచి పుట్టిన వదంతి

చైనా బయట సూదులకు పేరు తెచ్చింది ఒక పేగు ముక్క. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్టు జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో మామూలుగా మత్తు ఇంజెక్షన్లు ఇచ్చే అపెండిక్స్ తీసేశారు. ఆ తర్వాత కడుపు ఉబ్బరంతో ఇబ్బంది పడుతుంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు పెట్టి, పొట్ట దగ్గర మూలిక పొగ పట్టారు. ఆ ఆకు మన మాచిపత్రి, దవనాల జాతిదే. గంటలోపే ఉపశమనం కలిగిందని ఆయన జులై 26 పత్రికలో రాశాడు. రాసింది ఇంతే. అది నోటా నోటా పాకి, సూదులు గుచ్చి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేశారన్న కథగా మారింది. ఈ రోజుకీ తెలుగు వీడియోల్లో అదే కథ తిరుగుతోంది. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లడంతో అమెరికాలో ఈ మోజు ఇంకా పెరిగింది.

## సూది ఎక్కడ గుచ్చినా ఒకటేనా

మందు పరీక్షించాలంటే సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. సూదికి ఉత్తుత్తి సూది ఎలా? జర్మనీలో నడుంనొప్పి మీద చేసిన పెద్ద ప్రయోగంలో ఒక దారి వెతికారు. మొత్తం 1,162 మంది. మూడోవంతు మందికి సంప్రదాయం చెప్పిన బిందువుల్లో లోతుగా సూదులు పెట్టారు. ఇంకో మూడోవంతు మందికి ఏ బిందువూ కాని చోట పైపైన గుచ్చారు. మిగతావాళ్లకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరు నెలల తర్వాత మెరుగైనవాళ్లు అసలు సూదుల గుంపులో 47.6 శాతం, ఉత్తుత్తి సూదుల గుంపులో 44.2 శాతం, మామూలు చికిత్స గుంపులో 27.4 శాతం.

ఈ మూడు అంకెల్నీ కలిపి చదవాలి. మొదటి రెండిటి మధ్య తేడా లేనట్టే, అంటే బిందువులు, చి మార్గాలు అనే లెక్కకు ఈ ప్రయోగం మద్దతు ఇవ్వలేదు. కానీ ఆ రెండూ మామూలు చికిత్స కన్నా చాలా ముందున్నాయి, అంటే పేషెంట్లకు మాత్రం మేలు జరిగింది. ఆ మేలు ఎక్కడిది? వారానికి రెండుసార్లు అరగంట పడుకోబెట్టి ఒకరు శ్రద్ధగా చూడటం, తగ్గుతుందన్న ఆశ, సూది గుచ్చడం వల్ల చర్మం, నరాలు స్పందించడం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. మామూలు చికిత్స గుంపులోని చాలామంది అప్పటికే అలాంటి మందులు వాడి విసిగినవాళ్లు, కాబట్టి వాళ్ల ఆశ తక్కువగా ఉండటమూ ఒక కారణం కావచ్చు. ఉత్తుత్తి సూది కూడా చర్మంలోకి దిగిన సూదే కదా, దాన్ని పూర్తిగా ఉత్తుత్తిది అనలేమని సూది వైద్యులు అంటారు. ఆ వాదన కొట్టిపారేసేది కాదు. కానీ దాన్ని ఒప్పుకుంటే ఎక్కడ గుచ్చినా ఫర్వాలేదని కూడా ఒప్పుకోవాలి, అప్పుడు 361 బిందువుల పటం అవసరమే లేదు.

ఒకే రకం ఆధారాల నుంచి ప్రభుత్వాలు వేర్వేరు నిర్ణయాలకు వచ్చాయి. ఈ తరహా ప్రయోగాల ఆధారంగా జర్మనీ దీర్ఘకాలపు నడుంనొప్పికి, మోకీలు అరుగుదలకి సూదుల ఖర్చును ఇన్సూరెన్స్‌లో చేర్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ 2016లో నడుంనొప్పికి సూదులు వద్దంది, 2021లో ఇంకో రకం దీర్ఘకాలపు నొప్పులకు ఆలోచించవచ్చంది. జర్మనీ అడిగింది పేషెంట్‌కి తగ్గిందా అని. 2016లో బ్రిటన్ అడిగింది ఉత్తుత్తి సూది కన్నా మెరుగ్గా ఉందా అని. షుగర్, క్యాన్సర్, థైరాయిడ్ లాంటివి సూదులతో నయమవుతాయనే ప్రకటనలకు మాత్రం ఈ రెండు ప్రశ్నల్లో దేనికీ జవాబు లేదు.

## నోబెల్ ఎవరికొచ్చింది, దేనికొచ్చింది

వియత్నాం యుద్ధంలో మలేరియా అక్కడి సైనికులను చంపేస్తుంటే, అప్పట్లో మలేరియాకి వాడే క్లోరోక్విన్‌కి లొంగని ఆ జ్వరానికి మందు వెతకమని చైనా 1967 మే 23న ఒక రహస్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. తేదీని బట్టి దాని పేరు 523. అందులో చేరిన శాస్త్రవేత్త తూ యూయూ బృందం పాత గ్రంథాల్లోంచి, వైద్యుల నుంచి దాదాపు రెండు వేల యోగాలు సేకరించి, వందల కషాయాలు ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే పనిచెయ్యలేదు. అప్పుడామె నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హోంగ్ రాసిన ఒక వాక్యం దగ్గర ఆగింది. గుప్పెడు చింగ్‌హావ్‌ను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు ఆయన. కాచమనలేదు. వేడికి మందు చెడిపోతోందేమోనని అనుమానించి, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరు 4న 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిములను నూటికి నూరు శాతం తుడిచేసింది. ముందు తన మీద, తోటివారి మీద మోతాదు పరీక్షించుకుని ఆ తర్వాతే రోగులకు ఇచ్చారు. ఆ మందే ఆర్టెమిసినిన్, ఆ పనికే 2015 నోబెల్.

మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే, దానికి ఆయనకూ నోబెల్ వచ్చింది. ఇప్పుడు పాడేరు, అరకు ఏజెన్సీలో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా వచ్చినవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఏసీటీ (ఆర్టెమిసినిన్ రకం మందుకు ఇంకో మందు జోడించిన) మాత్రల్లో ఉండేది ఆ చింగ్‌హావ్ మందు తాలూకు రూపమే.

మరి ఇది చైనా వైద్యం గెలుపేనా? గే హోంగ్ వాక్యం పదహారు వందల ఏళ్లు భద్రంగా ఉండకపోతే ఈ మందు అంత త్వరగా దొరికేది కాదు, ఆ గౌరవం పూర్తిగా ఇవ్వాలి. కానీ దొరకడంలో 'చి'కి, యిన్ యాంగ్‌లకు, ఐదు దశలకు పాత్ర లేదు. పాత పుస్తకం ఎక్కడ తవ్వాలో చెప్పింది, తవ్వకం మాత్రం ఎలుకలు, ఈథర్, రసాయన విశ్లేషణ, ట్రయల్స్‌తో జరిగింది. చైనాలోని హార్బిన్‌లో డాక్టర్లు తెల్ల పాషాణాన్ని, అంటే ఆర్సెనిక్‌ను, ఒక రకం రక్త క్యాన్సర్‌కి మందుగా మార్చిన కథ కూడా ఇలాంటిదే. అమెరికా 2000లో దానికి అనుమతిచ్చింది. ఈ రెండు విజయాలూ చూపించేది ఏమిటంటే మందుల పెట్టెను గౌరవించాల్సిన పద్ధతి దాన్ని పరీక్షించడమే. ఇంకో జాగ్రత్త: చింగ్‌హావ్ ఆకులతో టీ కాచుకు తాగి మలేరియా తగ్గించుకోవచ్చన్న ప్రచారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోలేదు. మోతాదు చాలదు, పైగా క్రిమి మందుకు అలవాటు పడుతుంది.

## ఫాంగ్ జీ: ఒక పేరు, రెండు మొక్కలు

1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లోని ఒక క్లినిక్ బరువు తగ్గడానికి చైనా మూలికలు కలిపిన మందులు ఇచ్చింది. అందులో వెయ్యాల్సింది స్టెఫానియా జాతి వేరు. దాన్ని చైనా మార్కెట్‌లో ఫాంగ్ జీ అంటారు. అరిస్టొలోకియా జాతి వేరు ఒకటుంది, దాన్నీ ఫాంగ్ జీ అనే పిలుస్తారు. బస్తాల్లో రెండోది వచ్చింది. 100 మందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి, చాలామంది డయాలసిస్ దాకా, మార్పిడి దాకా వెళ్లారు, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ తేలింది. కారణం ఆ మొక్కలో ఉండే అరిస్టొలోకిక్ యాసిడ్. క్యాన్సర్ కారకమని ఖాయంగా తేలిన పదార్థాల జాబితాలో ఇప్పుడది ఉంది.

ఆ క్లినిక్ ఇచ్చింది అసలు సంప్రదాయ యోగమే కాదు, అందులో ఆకలి తగ్గించే అల్లోపతీ మందులు కూడా కలిపారు. కాబట్టి తప్పంతా సంప్రదాయానిదే అనడం సరికాదు. అయితే అరిస్టొలోకియా మొక్కలు చైనా, తైవాన్‌లలో ఎన్నో తరాలుగా వాడుకలో ఉన్నవే. మరి అంతకాలం ఎవరూ ఎందుకు గమనించలేదు? విషం వెంటనే చంపితే వైద్యుడికి తెలుస్తుంది. మందు మానేసిన పదేళ్లకు కిడ్నీ పాడైతే ఆ కషాయాన్నీ ఈ జబ్బునూ ముడిపెట్టడానికి ఒక్క వైద్యుడి అనుభవం చాలదు, వేలమంది రికార్డులు పోల్చాలి. 'తరతరాలుగా వాడుతున్నారు, ఏమీ కాలేదు' అనే మాట కడుపునొప్పి, వాంతుల విషయంలో నమ్మదగ్గదే. కిడ్నీ, లివర్, క్యాన్సర్ విషయంలో ఆ మాటకు విలువ లేదు. ఇది మనకూ వర్తిస్తుంది: మన పల్లెల్లో పాముకాటుకీ ఇతరత్రా వాడే ఈశ్వరి తీగ, గాడిదగడపాకు రెండూ అరిస్టొలోకియా జాతివే, రెండింటిలోనూ ఆ యాసిడ్ ఉంది.

## అలుగు, గాడిద

అలుగు పొలుసులు మన గోళ్లలో ఉండే కెరటిన్ తప్ప మరేం కాదు. అయినా బాలింతలకు పాలు పడతాయని వాడారు, ఆ గిరాకీ మన అడవుల్లో అలుగుల దాకా వచ్చింది. 2020లో చైనా తన అధికారిక ఔషధ గ్రంథంలో ముడిమందుల జాబితా నుంచి ఆ పొలుసులను తీసేసింది. గాడిద చర్మం కాచి చేసే ఎజియావ్ అనే రక్తవృద్ధి మందుకు మాత్రం గిరాకీ పెరుగుతూనే ఉంది. ఎంతలా అంటే ఆఫ్రికా దేశాలన్నీ కలిసి 2024లో చర్మం కోసం గాడిదలను చంపడాన్ని ఆపాలని నిర్ణయించుకున్నాయి. మన దేశంలో 2012లో 3.2 లక్షలున్న గాడిదలు 2019 లెక్కలకు 1.2 లక్షలకు పడిపోయాయి. దానికి యంత్రాలు రావడం లాంటి వేరే కారణాలూ ఉన్నాయి.

## ఇప్పుడు ఎటు వెళ్తోంది

చైనాలో 2017 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పాత గ్రంథాల్లోని ఎంపిక చేసిన యోగాలకు మనుషుల మీద ట్రయల్స్ లేకుండానే అనుమతి దొరికే దారి ఏర్పడింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో చైనా మూలాలున్న వైద్యాల కోసం ఒక అధ్యాయం చేరింది. అది ఎంతమందికి ఏ పేరుతో చికిత్స జరుగుతోందో లెక్క పెట్టడానికే. చికిత్స పనిచేస్తుందన్న సర్టిఫికెట్ కాదని ఆ సంస్థే చెప్పింది. ప్రకటనల్లో మాత్రం 'డబ్ల్యూహెచ్‌వో గుర్తింపు' అని కనిపిస్తుంది. పెద్ద చైనా ఆసుపత్రుల్లో కషాయం, స్కానింగ్, యాంటీబయాటిక్ ఒకే కప్పు కింద దొరుకుతాయి కాబట్టి జబ్బు ముదిరితే పక్క వార్డుకు పంపే వీలుంటుంది. ఇక్కడ విడిగా నడిచే సూదుల క్లినిక్‌లో ఆ వెసులుబాటు ఉండదు, ప్రమాదం చాలావరకు ఆ ఆలస్యంలోనే ఉంటుంది.

నొప్పికి సూదులు పెట్టించుకోవాలనుకునేవాళ్లు ముందు ఆ నొప్పికి కారణం ఏమిటో డాక్టర్‌తో తేల్చుకోవాలి, సూదులు అప్పటికప్పుడు ప్యాకెట్ విప్పినవో కాదో చూడాలి, ఛాతీ మీద లోతుగా గుచ్చనివ్వకూడదు, ఎందుకంటే అరుదుగానైనా ఊపిరితిత్తికి చిల్లు పడిన కేసులున్నాయి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాన్‌షెన్ అనే వేరు కలిసిన చైనా మందులు ముట్టుకోకూడదు, రెండూ కలిస్తే రక్తస్రావం అవుతుంది. ఆన్‌లైన్లో దొరికే పొడులు, టీల ప్యాకెట్ మీద మొక్క లాటిన్ పేరు లేకపోతే లోపల ఏ ఫాంగ్ జీ ఉందో కొన్నవాళ్లకే కాదు, చాలాసార్లు అమ్మినవాళ్లకూ తెలియదు.